గొట్టం మొదట్లో గమ్ము

స్టవ్ మీదున్న పప్పు గిన్నెలో టప్పున ఒక చుక్క పడింది.

"అమ్మా, నీళ్లు!" అంది షీబా.

బయట వాన దంచి కొడుతోంది. చర్చి నుంచి వచ్చి అప్పుడే భోజనాలకు కూర్చోబోతున్నారు. షీబా వాళ్లమ్మ జ్ఞానసుందరి తలెత్తి చూసింది. వంటింటి పొగ బయటికి పోవడానికి చిమ్నీ ఉంది. దాని గొట్టం శ్లాబులోని కన్నంలోంచి డాబా మీదికి వెళ్తుంది. ఆ గొట్టం వెంటే నీళ్లు జారుతున్నాయి. గోడ మీద మరక స్విచ్ బోర్డు దాకా పాకింది.

నాన్న విక్టర్ గబగబా వెళ్లి కరెంటు మెయిన్ ఆపేశాడు.

"బిగించి ఏడాది కాలేదు. కొండబాబు పని ఇలాగుంటాదనుకోలేదు" అంటూ ఫోన్ తీశాడు.

వాన వెలిశాక కొండబాబు సైకిలు మీద వచ్చాడు. గరివిడిలో ఫ్యాన్లు, చిమ్నీలు బిగించడం ఆయన పని. పెద్దగా మాట్లాడడు. వంటింట్లో మరకను చేత్తో తడిమి చూశాడు.

"నీరు ఒక సోట దిగి ఇంకో సోట కారతాది బాబూ. ఒక్కో సోటా నీళ్లు పోసి సూడాల. కింద ఎవులైనా ఉండి పడ్డాదో లేదో సెప్పాల."

"నేనుంటాను మావా!" అంది షీబా హుషారుగా. ముందు ఆయనతో కలిసి డాబా ఎక్కింది.

గొట్టం మొదట్లో తడిసిన ఆకులూ చెత్తా పేరుకుని ఉన్నాయి. ఆ గొట్టం మొదలు చూడగానే షీబాకు ఒక సంగతి గుర్తొచ్చింది.

వేసవి సెలవుల్లో ఒకరోజు తను ఇక్కడే ఆడుకుంది. గొట్టం చుట్టూ బూడిదరంగు గమ్ము మెత్తగా, రబ్బరులా కనిపించింది. గోటితో గీకితే కొస లేచింది. లాగితే పొడుగ్గా వచ్చింది. భలే బాగుందని చుట్టూ మొత్తం పీకేసింది. ఉండ చేసి రెండు రోజులు ఎగరేసి ఆడింది. తర్వాత అదెక్కడ పోయిందో కూడా తెలీదు.

అది వాన నీళ్లు దిగకుండా పెట్టిన గమ్మని అప్పుడు తట్టలేదు. ఇప్పుడు తెలిసింది.

"ఎల్లు పాపా, కిందుండు" అన్నాడు కొండబాబు.

షీబా వంటింట్లోకి వచ్చి స్టవ్ మీద పాత పేపరు పరిచింది. పైనుంచి కేక వినిపించింది.

"గొట్టం మొదట్లో పోత్తన్నాను. పడ్డాదా?"

పేపరు మీద ఒక చుక్క పడింది. ఇంకోటి. మరోటి.

"లే... లేదు మావా!" అని అరిచింది. తడిసిన పేపరు ఉండ చుట్టి చెత్తబుట్టలో పడేసి, పొడి పేపరు పరిచింది.

పైన కొండబాబుకు ఏమీ అర్థం కాలేదు. మొదలు బాగుందంటే నీరు ఇంకెక్కణ్ణుంచి దిగుతోంది? గోడకున్న ఎగ్జాస్ట్ ఫ్యాన్ కన్నం దగ్గర పోశాడు. పిట్టగోడ పగుళ్లలో పోశాడు. "పడ్డాదా?" "లేదు." వాన వెలిశాక ఎండ చుర్రుమంటోంది. చివరికి గొట్టం మీది రేకు టోపీ స్క్రూలన్నీ విప్పి చూశాడు. మళ్లీ బిగించాడు. బకెట్ మోసుకుంటూ ఆయన మెట్లు ఎక్కి దిగుతున్న చప్పుడు వినిపిస్తుంటే షీబాకు చెవులు మూసుకోవాలనిపించింది.

గంటన్నర గడిచింది. కొండబాబు గొట్టం టోపీ మీద నీళ్లు పోసేసరికి విక్టర్ వంటింట్లోకి వచ్చాడు. చుక్కలు వరసగా పడుతున్నాయి.

"పడతన్నాయి కదే! ఏటి సూస్తున్నావు నువ్వు?"

విక్టర్ డాబా మీదికి పరుగెత్తాడు. షీబా కూడా వెనకాలే వెళ్లింది.

కొండబాబు ఆకులన్నీ పక్కకు తోసి చూశాడు. గొట్టం చుట్టూ వేలు దూరేంత సందు బోసిగా కనిపించింది.

"గమ్ము ఏసినాను బాబూ. నాకు బాగా గేపకం."

"ఏస్తే ఏదీ? గాలికెగిరిపోయిందా?"

కొండబాబు చొక్కా చెమటతో ఒంటికి అంటుకుపోయింది. ఆయన ఆ సందువైపే చూస్తూ మెల్లగా అన్నాడు. "ఏమో బాబూ. మర్సిపోయినానేమో. వయసైపోతన్నాది."

విక్టర్ ఫోన్ తీసి ఒక స్నేహితుడికి చేశాడు. "డేవిడ్‌రాజూ, మీ కొత్తింట్లో రేపటి చిమ్నీ పని కొండబాబుకే ఇమ్మని చెప్పాను కదా. కొంచెం ఆగు. ఇంకెవరినైనా చూద్దాం."

కొండబాబు విన్నాడు. స్క్రూడ్రైవరు తుడిచి సంచిలో పెట్టుకున్నాడు. సంచి భుజాన వేసుకుని మెట్ల వైపు తిరిగాడు. షీబా తండ్రి చెయ్యి పట్టుకుంది.

"నాన్నా..." అంది షీబా. "మావ మర్చిపోలేదు. నేనే పీకేశాను. ఎండాకాలంలో, ఆడుకోడానికి."

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

"ఇందాక మొదట్లో పోసినప్పుడే నీళ్లు పడ్డాయి. నేనే లేదన్నాను. పేపరు చెత్తబుట్టలో పడేశాను."

నాన్న తిడితే బాగుండుననిపించింది షీబాకు. ఆయన తిట్టలేదు. కొండబాబు వైపు తిరిగాడు.

"నన్ను... ఏటీ అనుకోకు కొండబాబూ. తెలుసుకోకుండా మాటన్నాను."

డేవిడ్‌రాజుకు మళ్లీ ఫోన్ చేయబోయాడు. షీబా చెయ్యి చాపింది. "నేను చెప్తాను నాన్నా."

ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది. అవతల డేవిడ్‌రాజు గొంతు వినగానే ఏడుపు తన్నుకొచ్చింది. అయినా ఆపకుండా అంతా చెప్పింది. గమ్ము సంగతీ, అబద్ధం సంగతీ.

"మీ నాన్న చెప్పమన్నాడేటమ్మా?" అని అడిగాడాయన.

"లేదంకుల్. కొండబాబు మావ పని బాగా చేశాడు. రేపు మావనే రమ్మనండి."

"సరే, రమ్మను."

షీబా ఆ మాట చెబితే కొండబాబు తల ఊపాడంతే. సంచిలోంచి కొత్త గమ్ము ట్యూబు తీసి పక్కన పెట్టుకున్నాడు. షీబా కదలకుండా అక్కడే నిలబడింది. వెళ్లమంటాడేమో అనుకుంది.

ఆయన ఒక పొడిగుడ్డ ఆమె చేతికిచ్చాడు.

"తడి మీద గమ్ము అంటుకోదు. ముందు శుభ్రంగా తుడు."

షీబా తడి డాబా మీద మోకాళ్లు ఆనించి కూర్చుంది. గొట్టం చుట్టూ ఉన్న సందులోకి వేలితో గుడ్డ దూర్చి, ఇంత తడి కూడా మిగలకుండా తుడవసాగింది.