అద్దెవాడి విమాన ప్రయాణం

ఆ ఇంట్లో పదునైన మూల ఒక్కటి కూడా లేదు. బల్ల అంచులకి, కిటికీ రెక్కలకి, వంటగట్టు చివరలకి, మెట్ల కింద తల తగిలేచోట, అన్నిటికీ తెల్లటి ఫోమ్ ముక్కలు అంటించి ఉంటాయి. అవన్నీ అమ్మ పనిచేసే ఫ్యాక్టరీలో పెట్టెలు సర్దాక మిగిలినవి. అవి పాతబడటం, ఆవిడ పీకేసి కొత్తవి అంటించడం ఏళ్ల తరబడి జరుగుతూనే ఉంది. కొత్తగా వచ్చిన చుట్టాలు ఇంట్లో పాకే పిల్లలెవరో ఉన్నారనుకుని చుట్టూ వెతుకుతారు. ఉన్నది పాతికేళ్ల కూతురు.

ఆ పిల్ల పదేళ్లప్పుడు బడిలో జారుడుబల్ల మీంచి పడితే తలకి స్కాన్ తీశారు. దెబ్బేమీ లేదు గానీ, మెదడు పక్కన చిన్న నీటితిత్తి కనిపించింది. "పుట్టుకతో వచ్చిందే. క్యాన్సర్ కాదు, భయపడాల్సింది కాదు. దాని మానాన అది ఉంటుంది. అప్పుడప్పుడూ చూసుకుంటే చాలు," అన్నాడు డాక్టరు. నాన్న గుండెల నిండా ఊపిరి పీల్చుకుని ఇంటికొచ్చాడు. దానికి అద్దెవాడు అని పేరు కూడా పెట్టేశాడు. "అద్దె కట్టడు, అలాగని గొడవా చెయ్యడు. ఉండనీ పాపం," అనేవాడు. అమ్మకి మాత్రం డాక్టరు చెప్పినదాంట్లో మెదడు అన్న మాట తప్ప ఇంకేదీ చెవికెక్కలేదు.

ఇంటి ముందుగదే నాన్న సెలూన్. ఆ ఉదయం బేరాలు రాకముందే కూతుర్ని కుర్చీలో కూచోబెట్టి జుట్టు చివర్లు కత్తిరిస్తున్నాడాయన. చిన్నప్పటినుంచీ ఆ తలకి వేరే కత్తెర తగల్లేదు.

"ఊళ్లో తలలన్నీ నేను వంచమంటే వంగుతాయి. ఇంట్లో ఈ ఒక్క తల మీద మాత్రం మీ అమ్మదే పెత్తనం," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "చెప్పావా?" అని అడిగాడు.

"లేదు."

"ఇవాళ సాయంత్రంలోగా వాళ్లకి జవాబివ్వాలన్నావుగా?"

"చెప్తాలే నాన్నా. ముందు అమ్మని టీ తాగనీ."

"నా టీ అయిపోయింది. ఏంటో చెప్పు," అంది అమ్మ అద్దంలోంచి. గుమ్మంలో ఎప్పుడొచ్చి నిలబడిందో ఇద్దరూ గమనించలేదు.

చెప్పక తప్పలేదు. కూతురు దంతవైద్యులకి కట్టుడుపళ్లు చేసిచ్చే ల్యాబులో పనిచేస్తోంది. ఆ చేతిపని చూసి ముచ్చటపడి, ప్రమాదాల్లో ముక్కో చెవో పోయినవాళ్లకి అచ్చం అసలుదానిలాగే చేసి అమర్చే పని నేర్పిస్తామని ఒక సంస్థ పిలిచింది. ఆరు నెలల శిక్షణ. చోటు సముద్రానికి అవతల.

"విమానంలోనా?" అంది అమ్మ. ఏం నేర్పుతారు, ఎక్కడ ఉంచుతారు అని ఒక్క ముక్క అడగలేదు.

"సముద్రం మీద ఆటోలు తిరగవు కదమ్మా."

"వేళాకోళాలు ఆపు. కుదరదు."

"డాక్టర్ని అడిగే వచ్చాను. కిందటి నెల తీసిన స్కాన్ పాతవాటి పక్కన పెట్టి చూశాడు. ఇన్నేళ్లలో రవ్వంత కూడా పెరగలేదట. నిక్షేపంగా విమానం ఎక్కొచ్చన్నాడు."

"ఆయన ఎప్పుడైనా చిప్స్ ప్యాకెట్‌ని కొండ ఎక్కించి చూశాడా?"

నాన్న కత్తెర ఆగిపోయింది. ఆవిడ అన్నది వేళాకోళం కాదు. ఆవిడ పని చిప్స్ ప్యాకెట్ల అతుకులు సరిచూడటం. కొండమీది ఊళ్లకి వెళ్లే లారీలో, పెట్టెల్లో బుద్ధిగా పడుకున్న ప్యాకెట్లు ఘాట్ రోడ్డు ఎక్కుతున్నకొద్దీ ఉబ్బుతాయి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆవిడ ఒకసారి ఆ లారీలో వెళ్లింది. వెనకాల ప్యాకెట్లు టప్ టప్‌మని పగులుతుంటే డ్రైవరు నవ్వాడు, ఆవిడా నవ్వింది. తర్వాత కూతురి తలలో తిత్తి ఉందని తెలిసిన రోజున ఆ చప్పుడే మళ్లీ వినిపించింది. అప్పటినుంచీ ఎవరైనా విమానం మాట ఎత్తితే చాలు, ఆవిడ లేచి అక్కణ్ణుంచి వెళ్లిపోయేది.

"కొండెక్కితేనే అలా ఉబ్బుతాయి. ఇంక ఆకాశం ఎక్కితే?" అంది.

"నా తల చిప్స్ ప్యాకెట్ కాదమ్మా!"

"కాదనే చెప్తున్నా! ప్యాకెట్ పగిలితే ఇంకోటి తీసి పెట్టెలో పెడతాం. నువ్వు పగిలితే ఎవర్ని తెచ్చి పెట్టుకోను?"

కూతురు మెడలో గుడ్డ లాగి పారేసి ఒక్క ఉదుటున లేచింది. జుట్టు ఒకవైపే కత్తిరించి ఉంది. "నాకు ఉయ్యాల లేదు, ఈత లేదు. ఆటస్థలంలో గట్టు మీద కూచుని అందరి చెప్పులకీ కాపలా కాశాను. తలనొప్పి వస్తే ఏం చేస్తానో తెలుసా? బాత్రూంలో కొళాయి తిప్పుకుని కూచుంటా. అందరికీ వచ్చే నొప్పే నాకూ వస్తుంది. కానీ ఆ మాట చెప్పాక నీ మొహం చూడలేను. తిత్తితో నాకే బాధా లేదమ్మా. నీ భయంతోనే చచ్చిపోతున్నా!"

అమ్మ సంచీ భుజాన వేసుకుని పనికి వెళ్లిపోయింది. టిఫిన్ డబ్బా గట్టు మీదే ఉండిపోయింది.

"ఆ చివరి మాట అనకుండా ఉండాల్సిందిరా తల్లీ," అన్నాడు నాన్న. కూతురు మళ్లీ కుర్చీలో కూచుని తల వంచింది. ఆయన రెండోవైపు కూడా కత్తిరించాడు.

ఫ్యాక్టరీలో ఆ రోజు ఆవిడని వాపసు వచ్చిన సరుకు వేరుచేసే చోట వేశారు. కొండమీది క్యాంటీన్లనుంచి తిరిగొచ్చిన పెట్టెలవి. అతుకు పగిలిన చిప్స్ ప్యాకెట్లని చెత్తతొట్లో వెయ్యాలి. వాటితోపాటు వచ్చే చిన్న చిన్న సాస్ పొట్లాల్ని అరలో పెట్టాలి. ఇది ఎన్నిసార్లు చేసిందో లెక్కలేదు. చేతులు వాటంతటవే కదులుతున్నాయి, మనసు మాత్రం కొళాయి తిప్పుకుని బాత్రూంలో కూచున్న పిల్ల దగ్గరే ఉంది. కళ్లు తుడుచుకుందామని చేతిలోది కింద పెట్టబోయి ఆగిపోయింది. చేతిలో ఉన్నది సాస్ పొట్లం. అదే పెట్టెలో, అదే లారీలో, అదే కొండెక్కి వచ్చింది. చదునుగా, వెళ్లినట్టే తిరిగొచ్చింది. ఇన్నేళ్లలో ఒక్క సాస్ పొట్లాన్ని కూడా తను చెత్తతొట్లో వేసిన గుర్తు లేదు.

"ఏంటక్కా, దాంతో ముచ్చట్లా?" అంది పక్కన పనిచేసే ఆవిడ.

"ఇది ఉబ్బదేం?"

"ఎందుకుబ్బుతుంది? నిండా సాసే. గాలి నింపి అమ్మేది మన చిప్స్‌వాళ్లేగా!"

పని దిగగానే ఆవిడ ఇంటికి వెళ్లలేదు. తిన్నగా డాక్టరు దగ్గరికి వెళ్లి, లోపలికి పిలిచేదాకా బెంచీ మీద కూచుంది. పిలవగానే కుర్చీలో కూచోకుండా, నిలబడే అడిగింది. "డాక్టరుగారూ, మా పిల్ల తలలో ఉన్నది గాలా, నీళ్లా?"

"నీళ్లేనమ్మా. గాలి ఉండుంటే విమానం గురించి నేనే భయపడేవాణ్ణి. అందరికీ ఒకే మాట చెప్పలేం గానీ, మీ అమ్మాయి విషయంలో ఏ ఇబ్బందీ లేదు. అవి నీళ్లని మీకు మొదటిరోజే చెప్పాను."

"ఆ రోజు నాకు వినపడలేదండీ," అంది ఆవిడ. అప్పుడు కూచుంది కుర్చీలో. చాలాసేపు ఏడ్చింది. ఆయన నీళ్లగ్లాసు ముందుకు జరిపాడు.

ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. ఆఖరి బేరాన్ని పంపేసి నాన్న నేల ఊడుస్తున్నాడు. కూతురు సెలూన్ కుర్చీలోనే ముడుచుకుని కూచుంది. అమ్మ ఒక చిప్స్ ప్యాకెట్, ఒక సాస్ పొట్లం తీసి అద్దం ముందు పెట్టింది.

"వెళ్లు," అంది.

చీపురు ఆగిపోయింది. "ఏంటీ?" అన్నాడు నాన్న.

"వెళ్లమంటున్నా. నేనే పొరపాటుపడ్డా. నీ తల ఇది కాదు, ఇది." సాస్ పొట్లాన్ని వేలితో ముందుకు తోసింది. "వాళ్లకి వస్తానని చెప్పెయ్."

కూతురు ఎగిరి గంతేస్తుందనుకున్నారు ఇద్దరూ. ఆ పిల్ల కుర్చీలో ఇంకా ముడుచుకుపోయింది.

"ఏమైందే?"

"నేను... రానని నిన్ననే రాసేశాను."

"పొద్దున్న నా మీద ఒంటికాలి మీద లేచావు కదే!"

"మా అమ్మ ఒప్పుకోవట్లేదు, అందుకే రాలేను అని రాశాను. రాశాక సిగ్గేసింది. నువ్వు నిజంగా వద్దంటే అది అబద్ధం కాకుండా పోతుందనుకున్నా. అందుకే పొద్దున్న అంతలా అరిచాను." చేతుల్లో మొహం దాచుకుంది. "భయం నీకు కాదమ్మా, నాకు. డాక్టరు ఎన్ని చెప్పినా సరే, కళ్లు మూసుకుంటే నాకూ నువ్వు చెప్పిన ఆ లారీలో ప్యాకెట్ల టప్ టప్ చప్పుడే వినిపిస్తుంది. ఆ చప్పుడు నేను ఒక్కసారి కూడా వినలేదు. అయినా వినిపిస్తుంది."

అమ్మ కూతురి ఎదురుగా నేల మీద, కత్తిరించిన వెంట్రుకల మధ్యే చతికిలబడింది.

"నీ భయానికి నా పేరు పెట్టావా?"

"తప్పయిపోయిందమ్మా."

"పోనీలే. ఇన్నేళ్లూ నా భయానికి నీ తల పేరు పెట్టాను నేను." ఆ మాట అంటూనే కూతుర్ని ఒళ్లోకి లాక్కుంది. పాతికేళ్ల పిల్ల కుర్చీలోంచి జారి ఆ ఒళ్లో ఇమడలేక ఇమిడిపోయింది. ఇద్దరూ కరువుదీరా ఏడ్చారు. చీపురు పట్టుకున్న నాన్న ఎటు ఊడవాలో తెలీక నిలబడ్డాడు.

"వాళ్లు ఏమని రాశారు మళ్లీ?" అని ఆయనే అడిగాడు చివరికి.

"మీ అమ్మగారితో నేను మాట్లాడనా అని రాసింది అక్కడ నేర్పే ఆవిడ. నా చోటు ఇంకో రెండు రోజులు ఎవరికీ ఇవ్వనంది. నేనే జవాబివ్వలేదు."

"మరింకేం? ఏడుపులు ఆపి జవాబు రాయండి. నా సెలూన్‌లో జుట్టు రాలాలి గానీ కన్నీళ్లు రాలకూడదు," అని కళ్లు అటు తిప్పుకుని తుడుచుకున్నాడు.

"రాస్తాను. కానీ ఎక్కగలనో లేదో నాకు తెలీదు," అంది కూతురు.

"పెద్ద విమానం ఎక్కే ఊరిదాకా చిన్న విమానంలో వెళ్లాలిగా? అక్కడిదాకా నేనొస్తా. ఆ పైన నీ ఇష్టం. వెనక్కి వచ్చేద్దామంటే ఇద్దరం రైలెక్కి వచ్చేద్దాం," అంది అమ్మ. ఆవిడ అంతకుముందు విమానాన్ని ఆకాశంలో తప్ప చూసి ఎరగదు.

బయల్దేరే రోజు నాన్న కూతురి తల రెండు చేతులా పట్టుకుని, "ఒరే అద్దెవాడా, ఇల్లు జాగ్రత్తగా చూసుకో," అన్నాడు. గబగబా లోపలికి వెళ్లిపోయాడు.

విమానంలో అమ్మకి కిటికీ పక్క సీటు దొరికింది. ఒళ్లో చిప్స్ ప్యాకెట్ పెట్టుకుంది. కూతురి అరచేతిలో సాస్ పొట్లం పెట్టి గుప్పిట మూసింది. నేల వదలగానే కూతురు కళ్లు గట్టిగా మూసుకుంది. అమ్మ మాత్రం ప్యాకెట్ మీంచి చూపు తిప్పలేదు. ముడతలు మెల్లగా విడిపోయాయి. ప్యాకెట్ బిర్రుగా ఉబ్బి నిలబడింది.

"కళ్లు తెరువు," అంది అమ్మ.

"వద్దమ్మా."

"తెరిచి నీ చేతిలోది చూడవే!"

కూతురు ఒక కన్ను తెరిచి ముందు ప్యాకెట్‌ని చూసింది. తర్వాత గుప్పిట విప్పింది. సాస్ పొట్లం ఇంటి దగ్గర ఎలా ఉందో అలాగే, చదునుగా ఉంది. రెండో చేత్తో తల తడుముకుంది. అక్కడ కూడా ఏ మార్పూ లేదు. ముందు చిన్నగా నవ్వు, దాని వెనకాలే ఏడుపు వచ్చాయి. ముందు సీటాయన వెనక్కి తిరిగి చూసినా పట్టించుకోలేదు.

"నొప్పిగా ఉందా?" అంది అమ్మ.

"లేదు. అస్సలు లేదు. నువ్వేంటి అలా ఉన్నావ్?"

"చెవుల్లో ఎవరో దూది కూరినట్టుంది. నాకేమన్నా అవుతుందా?"

"ఏమీ కాదు. ఇది నములు." కూతురు పిప్పరమెంటు విప్పి అమ్మ నోట్లో పెట్టింది. "అందరికీ ఇలాగే ఉంటుంది. కాసేపట్లో అదే పోతుంది. నేనున్నాగా."

అమ్మ బుద్ధిగా నమిలింది. ముందురాత్రి కంటి మీద కునుకు లేదేమో, చెవుల దిబ్బడ వదలగానే రెప్పలు వాలిపోయాయి. ఉబ్బిన ప్యాకెట్ ఒళ్లో ఉండగానే నిద్రలోకి జారిపోయింది. విమానం చిన్నగా కుదిపినప్పుడల్లా ఆవిడ తల కిటికీ వైపుకి ఒరుగుతోంది. ఆ అంచుకి ఫోమ్ లేదు. కూతురు వంగి తన అరచెయ్యి అక్కడ పెట్టింది. విమానం దిగేదాకా తియ్యలేదు.