తొమ్మిదీ నలభై విమానం

"ఆగు బావా! కాల్చేస్త!"

జ్ఞానప్రకాశం ఆగడు. వరంగల్ పక్కన మామునూరు ఎయిర్‌పోర్టు రన్‌వే మీద పరుగో పరుగు. ఒక చేతికి బేడీలు వేలాడుతున్నాయి. జీపెక్కిస్తుంటే ఒక్క తోపు తోసి... దూకాడు!

వెనకే ఎస్సై సారంగపాణి. చేతిలో రివాల్వర్. కళ్ళ నిండా నీళ్ళు.

వాచీలో ఆరూ నలభై. చీకటి పడుతోంది.

మధ్యాహ్నం హన్నాను చంపేశారు. సొంత ఇంట్లో... గొంతు నులిమి! "మూడున్నరకు కేక ఇన్న సారూ" అంది పక్కింటి ఏసమ్మ.

హన్నా ప్రకాశం భార్య. సారంగపాణికి తోడబుట్టకపోయినా చెల్లెలే. క్రిస్మస్‌కి పాయసం ముందు ఈ అన్న ఇంటికే వచ్చేది. ఆ పిల్లను ఇవాళ తన చేతులతోనే స్ట్రెచర్ మీద పడుకోబెట్టి దవాఖాన మార్చురీకి పంపాడు. 

ఈ మొగుడేమో పచ్చి అబద్ధం ఆడాడు!

ప్రకాశం ఇక్కడి విమానాల మెకానిక్. "మూడూ పదికి విమానమెక్కిన బావా. బొగ్గుగనుల ఎయిర్‌స్ట్రిప్‌ల ఇంజన్ రిపేరుంటే పోయిన" అన్నాడు.

గాలిలో తొంభై కిలోమీటర్లు. చిన్న విమానానికి అరగంట. వాడన్నది నిజమైతే, మూడున్నరకు వాడు ఆకాశంలో ఉండాలి.

కానీ విమానం రాకపోకలు రాసే లాగ్‌బుక్ అలా అనడం లేదే!

బయలుదేరింది తొమ్మిదీ నలభై. అక్కడ దిగింది పదీ పది. తిరిగొచ్చింది పదకొండున్నర. అంటే పదకొండున్నరకే వరంగల్‌లో ఉన్నాడు వీడు! అడుగుదామంటే పైలట్ విమానం తీసుకుని వెళ్ళిపోయాడు.

పుస్తకం ముఖాన కొడితే ప్రకాశం తెల్లబోయాడు.

"గా టైము వేరే బావా! జర ఇను..."

ఫెళ్ళుమని చెంప పగిలింది. ఇంకో మాట రానివ్వలేదు సారంగపాణి.

ఇప్పుడు వాడు రేడియో గదిలోకి దూరాడు!

అక్కడేముంది? తుపాకా?

సారంగపాణి తలుపు తన్నాడు. మసక చీకటి. ప్రకాశం కుర్చీ ఎక్కి గోడ మీద నుంచి ఏదో లాగుతున్నాడు.

"చేతులెత్తు!"

"బావా, గిది జూడు!"

గిర్రున తిరిగాడు. చేతిలో నల్లగా ఏదో తళుక్కుమంది...

ఢాం!

ప్రకాశం కుప్పకూలాడు. చేతిలోది మాత్రం వదల్లేదు.

సారంగపాణి టార్చి వేశాడు.

గోడగడియారం!

ఒంటిగంటా పదిహేను చూపిస్తోంది. తన వాచీ చూసుకున్నాడు. ఆరూ నలభై ఐదు.

"ఏందిరా ఇది..."

"లండన్ టైము. విమానాల బుక్కుల... గదే రాస్తరు. ఐదున్నర గంటలు... కలుపుకోవాలె బావా."

తొమ్మిదీ నలభైకి ఐదున్నర కలిపితే...

మూడూ పది!

సారంగపాణి చేతిలోంచి రివాల్వర్ జారిపోయింది. ప్రకాశాన్ని రెండు చేతులతో ఎత్తుకున్నాడు. చొక్కా తడిసిపోతోంది.

"నన్ను మన్నించురా! దవాఖానకు పోదాం పా!"

"హన్నా... గాడ్నే ఉన్నదా?"

"ఆ. గాడ్నే."

"ఎంతసేపైతది?"

"పది నిమిషాలు బావా. పదే నిమిషాలు!"

"దగ్గరే" అన్నాడు ప్రకాశం.

జీపు దాకా మోసుకెళ్ళాడు సారంగపాణి. ప్రకాశం మళ్ళీ మాట్లాడలేదు.