లోపలివైపు పిడి

కృపాకుమారికి నలభై రెండేళ్లు. ఏ తలుపు మూసేముందైనా లోపలికి తల పెట్టి "ఎవరైనా ఉన్నారా?" అని అడిగేది. ఇంట్లో బాత్‌రూమ్ తలుపుకీ అంతే.

ఆ అలవాటు ఉద్యోగం నేర్పింది. బందరు అవతల రొయ్యల ఫ్యాక్టరీలో ఆమెది కోల్డ్ స్టోర్ పని. షిఫ్టు మారేటప్పుడు తలుపు మూసే మనిషి పిలవాలి, లోపలున్న మనిషి పలకాలి. ఆడవాళ్లు తమలో తాము పెట్టుకున్న కట్టుబాటు అది. తలుపుకి లోపలివైపు పిడి విరిగి చాన్నాళ్లయింది మరి. ఆఫీసులో టీ బల్ల కాలు విరిగితే మధ్యాహ్నానికల్లా మేకు పడింది. పిడికి మాత్రం "రాసి పంపాం, వస్తుంది" అనేవారు.

పిడి రాలేదు. ఆమెతోపాటు పనిచేసే భాగ్యమ్మ పోయింది. ఓ సాయంత్రం సూపర్‌వైజర్ రాజబాబు బస్సు తొందరలో పిలవకుండా తలుపు లాగేశాడు. పొద్దున్న తీసేసరికి ట్రేల పక్కన ముడుచుకుని ఉంది. గుండెపోటన్నారు యాజమాన్యం వాళ్లు. ఆడదాని గుండె కదా, ఎంత నేరమైనా దానిమీదికి తోసెయ్యొచ్చు.

నెల తిరిగింది. పిడి అలాగే ఉంది. ఆ మధ్యాహ్నం షిఫ్టు దిగుతూ కృపాకుమారి ఎప్పట్లాగే పిలిచింది.

"ఉన్నా..." అంది లోపల్నుంచి ఓ సన్నని గొంతు.

ఎంతకీ ఎవరూ రాలేదు.

"రాజబాబుగారూ, లోపల ఎవరో ఉన్నారండీ."

"అందరూ బస్సెక్కేశారు. రొయ్యలతో కబుర్లేంటి కృపమ్మా? మూసెయ్."

"నేను మూయనండీ. ముందు ఆ పిడి వేయించండి."

"అబ్బబ్బ, నీ పిడి గోల! ఉండు, నేనే చూసొస్తా." కోటు భుజాన వేసుకుని లోపలికి వెళ్లాడు.

కరెంటు పోయింది.

ఫ్యాన్ల హోరు ఆగిపోయింది. చీకట్లోంచి తెల్లటి ఆవిరి నేలమీద పాకి ఆమె కాళ్లను చుట్టుకుంది. రొయ్యల నీచు వాసన. దాని వెనకే ఇంకో వాసన... జలుబు బామ్ ఘాటు. ముక్కు దిబ్బడ వెయ్యకుండా భాగ్యమ్మ రోజూ పూసుకునేది.

"రాజబాబుగారూ..?"

పలకలేదు.

"లోపల... ఎవరైనా ఉన్నారా?"

చెవి పక్కనే, చల్లగా...

"ఎవరూ లేరొదినా... మూసెయ్."

ఆ ఫ్యాక్టరీలో ఆమెని వదినా అని పిలిచింది భాగ్యమ్మ ఒక్కతే.

తలుపు కదిలింది. దానంతటదే... బరువుగా... కృపాకుమారి సందులో కాలు అడ్డం పెట్టింది. బూటు నలిగింది. వేళ్లు నలిగాయి. తలుపు ఆగలేదు. కాలు తీసేస్తే పోయేది రాజబాబు. ఒక్క క్షణం... తీసెయ్యాలనే అనిపించింది.

"వద్దే భాగ్యం," అంది గుసగుసగా. "పిడి వేయిస్తానే. నామీద ఒట్టు."

తలుపు ఆగింది.

లైట్లు వెలిగాయి. రాజబాబు మోకాళ్లమీద పాకుతూ బయటికొచ్చాడు. పెదాలు నీలంగా ఉన్నాయి.

"నీకు వినపళ్లేదా? ఉన్నానూ, ఉన్నానూ అని అరుస్తూనే ఉన్నాను... ఎవరో నోరు మూసేశారు..."

మర్నాడు పొద్దెక్కకముందే కొత్త పిడి వచ్చింది. మగాడికి చలేస్తే సామాను అంత తొందరగా దొరుకుతుంది కాబోలు!

రోజూ పొద్దున్న తలుపు తీసేసరికి ఆ పిడి మీద తెల్లగా మంచు పేరుకుని ఉంటుంది. నాలుగు వేళ్లు పట్టేంత మేర మాత్రం ఉండదు.

కృపాకుమారి పని మానలేదు. ఇప్పుడు తనే లోపలికెళ్లి, ట్రేల సందులన్నీ చూసొచ్చి తలుపు మూస్తుంది. పిలవడం మాత్రం మానేసింది.