జ్వరం లేచేదాకా

పాలు కాగగానే అంబిక ముందుగా స్టీలు లోటాలో పోసింది. చక్కెర రెండు చెంచాలు. తీపి తగ్గితే అర్పిత మూతి ముడుచుకుంటుంది. లోటా తీసుకుని పెరట్లోని పట్టుపురుగుల షెడ్డు దాకా వెళ్ళి, తాళం తీయకుండానే గడప మీద పెట్టింది. తలుపు సందులోంచి "లేచినాక తాగు బంగారూ" అని చెప్పి వచ్చింది.

అర్పిత పోయి పదకొండు నెలలు. మూడో క్లాసు చదివే పిల్ల. ఆ సంగతి కైవార దగ్గరి ఆ పల్లెలో అందరికీ తెలుసు. అంబికకు తెలియదని ఎవరనగలరు? కాకపోతే ఆ మనసు తనకు తెలిసినదాన్ని తనకే చెప్పుకోవడం మానేసింది.

పట్టుపురుగులు మేపే ఇళ్ళలో జ్వరం అనే మాటకు ఇంకో అర్థముంది. పురుగు పెరిగే దారిలో నాలుగుసార్లు మేత మాని, తల పైకెత్తి, కదలకుండా ఉండిపోతుంది. అది జ్వరం. అప్పుడు ఆకు వేయకూడదు, ముట్టుకోకూడదు. ఒక రోజు గడిస్తే పాత పొర విడిచి లేస్తుంది, ఆకు మీద ఎగబడుతుంది. తన బిడ్డా ఆ షెడ్డులో అలాగే పడుకుని ఉందని అంబిక అనుకుంటోంది. పొద్దెక్కేసరికి లోటా ఖాళీ అవుతుంటే అనుకోక ఏం చేస్తుంది, పిచ్చితల్లి!

ఆ పొద్దున భర్త మోహన్‌కుమార్ చింతామణి నుంచి బ్లీచింగు సంచీ, మందు కొట్టే స్ప్రేయరు తెచ్చి వాకిట్లో దించాడు.

"ఐదు దినాలకు పురుగులొస్తాయి. ఈ పొద్దే షెడ్డు కడగల్ల. బీగంచెవి ఇయ్యి, అంబికా."

"ఆ ఘాటుకు పాప దగ్గుతాది. ఇయ్యను."

"ఎన్నాళ్ళిట్ల? తోటలో ఆకంతా ముదిరిపోతాండాది."

"మెల్లగా మాట్లాడు. జ్వరంలో ఉండేవాళ్ళను లేపకూడదని నీకు తెలీదా?"

మోహన్ ఓర్పు నశించింది. "యాడుండాది పాప? మన చేతుల్తో మన్నేసి వచ్చినాము గదా!"

"అయితే పాలు ఎవరు తాగుతాండారు? చెప్పు!"

అరుగు మీద ఆకువక్క వేసుకుంటున్న అత్త అక్కమ్మ నమలడం ఆపింది.

"నేనే తాగుతాండానమ్మా," అంది తల దించుకుని. "లోటా నిండుగా ఉంటే పొద్దంతా నువ్వు సంగటి ముట్టవు. ఒకనాడు తాగేసి పెట్టినా. ఖాళీ లోటా చూసి నవ్వినావు. ఆ నవ్వు కోసమే రోజూ తాగినా. తప్పు చేసినా తల్లీ."

అంబిక అత్త పెదాల వైపే చూసింది.

"తెలుసత్తా. లోటా అంచుకు ఎర్రగా ఉంటాది, నీ ఆకువక్క. రోజూ ముందు ఆ అంచే కడుగుతాండా. దాని పక్క చూడకుండా కడుగుతాండా."

"తెలిసీ ఎందుకమ్మా ఇట్ల?"

"పాప ఒళ్ళు కాలిపోతాంటే నేనేమన్నా? పురుగులకూ జ్వరమే, నీకూ జ్వరమే, రేపటికి అందరూ లేస్తారు అన్నా. నవ్వుతా అన్నానత్తా. పురుగులు లేచినాయి. మేత తప్పకూడదని రెండు దినాలు తోటకూ షెడ్డుకూ తిరిగినా. చిక్కబళ్ళాపుర ఆస్పత్రికి ఎత్తుకొని పోయేసరికి..." కొంగు ముడి నలిపింది. "పాప పోయిందంటే ఆ మాట అన్నదాన్ని నేనే. పడుకొని ఉండాదంటే ఆ మాట ఇంకా అబద్ధం కాలేదు గదా."

మోహన్ వచ్చి అరుగు కింద కూర్చున్నాడు. "ఆ రెండు దినాలూ ఆకు కోసింది నేనే గదా అంబికా. లేస్తాదని నువ్వొక్కదానివే అన్నావా? నేనూ అనుకొన్నా."

ఆమె కొంగు ముడి విప్పింది. తాళంచెవి అతని చేతిలో పెట్టలేదు, తానే వెళ్ళి తలుపు తీసింది. లోపల ఖాళీ తట్టలు, దుమ్ము. ఎవరూ లేరు. చీపురు అందుకుని ఊడ్చింది. ముగ్గురూ కలిసి షెడ్డు కడిగారు.

చెప్పిన రోజుకు, రెండు జ్వరాలు దాటిన పురుగులొచ్చాయి. నాలుగు రోజులు మేసి మూడో జ్వరంలో పడ్డాయి. మరుసటి పొద్దున లేచిన పురుగుల మీద అంబిక ఆకు చల్లింది. షెడ్డంతా సన్నని వాన పడుతున్నట్టు మేత చప్పుడు. ఒక్కటి మాత్రం ఎత్తిన తల ఎత్తినట్టే ఉండిపోయింది. అంబిక ఆకు కొన తగిలించి చూసింది. వేలితో తాకింది. తీసి అరచేతిలో పెట్టుకుంది.

"అత్తా, ఇది లేవదు."

"లేవదమ్మా," అంది అక్కమ్మ.

"లేవదు," అంది అంబిక మళ్ళీ. అరచేయి మూసుకుని, "అర్పితా!" అని ఊరంతా వినపడేలా ఏడ్చింది. పదకొండు నెలల్లో అదే మొదటి ఏడుపు. అక్కమ్మ కోడలి తల ఒళ్ళోకి తీసుకుని తానూ ఏడ్చింది. పొయ్యి మీద కాగిన పాలు ఆ రోజు ఎవరూ లోటాలో పోయలేదు.