సిరా తినే పౌడర్

ఆడిటర్ సెలూన్ కుర్చీలోనే ప్రాణం వదిలాడు. అప్పటికి ఒక చెంప గీయడం అయిపోయింది. రెండో చెంప మీద నురగ అలాగే ఉంది.

పక్క కుర్చీలో కూర్చుని అతనిమీద నిఘా వేసిన కంపౌండర్ మొహం నిండా కూడా నురగే. వేడి తువ్వాలు తెస్తానని లోపలికెళ్ళిన మంగలి ఎంతకీ రాకపోయేసరికి అతనికి అనుమానం వచ్చింది. లేచి చూస్తే వెనక తలుపు బార్లా తెరిచి ఉంది. ఆడిటర్ మెడమీద సూది గుచ్చిన ఎర్రటి చుక్క.

టైమ్ ఏడూ నలభై.

కంపౌండర్ అతని పేరు కాదు, పంతొమ్మిదేళ్ళ కిందట తొలి మిషన్‌లో వేసిన వేషం. గూఢచారి శాఖలో అందరినీ మొదటి వేషంతోనే పిలుస్తారు. చీఫ్ ఒకప్పుడు ట్యూషన్ మాస్టారిగా నటించాడు కాబట్టి ఈరోజుకీ ఆయన మేష్టారే.

ఎనిమిదీ పదిహేనుకి చెప్పుల దుకాణం గోడౌన్‌లో బ్రీఫింగ్.

"సైజెంత?" చీకట్లోంచి అడిగాడు మేష్టారు.

"కుడికాలు ఎనిమిది. ఎడమకాలు తొమ్మిది."

కోడ్ సరిపోయింది. లైటు వెలిగింది. రెండు గోడల నిండా చెప్పుల డబ్బాలు, మధ్యలో మేష్టారు.

"చంపింది గొడుగు ముఠా. విదేశీ గ్యాంగ్. బ్యాంకు షేరు పడిపోతుందని ముందు పందెం కాస్తారు, తర్వాత వాళ్ళే పడగొడతారు. మన పెద్ద బ్యాంకు లోపలంతా డొల్ల అని ఆడిటర్ చేత దొంగ రిపోర్టు రాయించుకున్నారు. పని అయ్యాక లేపేశారు. ఒకటే కాపీ, ఒకటే షీటు. సరిగ్గా పదింటికి, బ్యాంకులు తెరిచే టైముకి బిజినెస్ ఛానెల్ లైవ్‌లో చూపిస్తారు."

"చూపించేదెవరు?"

"నెమలి."

కంపౌండర్ సన్నగా ఈల వేశాడు. నెమలి టీవీలో షేర్ మార్కెట్ ఎక్స్‌పర్ట్. ఆమె ఏ రంగు వేసుకుందో చూసి షేర్లు కొనే పిచ్చివాళ్ళు కూడా ఉన్నారు. శాఖ దగ్గరా జీతం తీసుకుంటుంది, ముఠా దగ్గరా తీసుకుంటుంది. ఏ నెలలో ఎవరి మనిషో ఆమెకే తెలియాలి.

మేష్టారు చిన్న కాంపాక్ట్ డబ్బా చేతిలో పెట్టాడు. "సిరా తినే పౌడర్. కాగితం మీద పడితే ఇరవై సెకన్లలో అక్షరం మిగలదు. మొహానికేం కాదులే. ఇవాళ నువ్వు మేకప్‌మేన్‌వి."

"రిపోర్టు దొంగదేనా సార్?"

మేష్టారు కళ్ళజోడు పైనుంచి చూశాడు. "మన మొదటి రూలేంటోయ్?"

"మోసే కాగితం చదవకూడదు."

"శత్రువు చేతిలో ఉందంటే అది అబద్ధమే. వెళ్ళు."

పంతొమ్మిదేళ్ళలో కంపౌండర్ ఒక్క కాగితమూ చదవలేదు. అందుకే శాఖలో అతన్ని మించినవాడు లేడు.

వీధిలోకి రాగానే ఫోన్ మోగింది. అక్క. ముప్పై ఒక్క ఏళ్ళు పిల్లల వార్డులో నర్సుగా చేసి, రిటైరైన డబ్బంతా ఆ బ్యాంకులోనే వేసింది. తల్లి పోయాక అతన్ని చదివించింది ఆ జీతంతోనే.

"ఒరేయ్, బ్యాంకులో ఏదో గొడవంట. పాత వార్డువాళ్ళు ఫోన్ చేశారు. ఇంకా తలుపులే తెరవలేదు, నా ముందు డెబ్భై మంది. మోకాళ్ళు లాగేస్తున్నాయి. తీసెయ్యనా, ఉంచనా?"

"ఉంచక్కా. అంతా పుకారు."

"నీకెలా తెలుసు?"

"ఆఫీసులో అనుకుంటున్నారు."

"ఏం ఆఫీసో ఏమో! రోజంతా ఏవో కాగితాలు మోస్తానంటావు. మోసేవాడికి తెలీకుండా ఉంటుందా? సరే, నువ్వు చెప్పావుగా. ఇంకాసేపు నించుని చూస్తా."

తొమ్మిదీ నలభై ఏడు. స్టూడియో గుమ్మం దగ్గర గార్డు అందరి ఫోన్లూ తీసుకుని ట్రేలో పెట్టి టోకెన్ ఇస్తున్నాడు. కంపౌండర్‌ది నలభై రెండో నంబరు.

మేకప్ గదిలో అద్దం చుట్టూ బల్బులు. నెమలి నీలంలో మెరిసిపోతోంది. ఒళ్ళో తోలు ఫోల్డరు. అతను మామూలు పౌడర్‌తో నుదురు అద్దాడు.

"కొత్తగా చేరారా?" అద్దంలోంచి అడిగింది. "లైవ్ ముందు మేకప్‌వాళ్ళ చెయ్యి వణుకుతుంది. మీది వణకట్లేదు. కంపౌండర్‌గారా?"

"కళ్ళు మూసుకోండి మేడమ్. పౌడర్ రాలుతుంది."

"రాలనీ. ఒక్కసారి ఈ పేజీ చదివి, తర్వాత మీ పని మీరు కానివ్వండి. ఆపను."

"నేను చదవను."

"తెలుసు. మీ శాఖలో మిమ్మల్ని మెచ్చుకునేది అందుకేగా." ఆమె గొంతు తగ్గించింది. "ఆడిటర్ ఇవాళ నా పక్క కుర్చీలో కూర్చోవాలి. అందుకే గొడుగువాళ్ళు డబ్బిచ్చారు. బతికున్న సాక్షిని వాళ్ళెందుకు చంపుకుంటారండీ? అయిదేళ్ళుగా చైర్మనూ డైరెక్టర్లూ సొంత కంపెనీలకి అప్పులిచ్చుకున్నారు. తీర్చాల్సినప్పుడల్లా ఇంకో అప్పు. ఇక తోడడానికి అడుగున ఏం లేదు. ఇవాళ తమ షేర్లు అమ్ముకుని బయటపడటానికి ఆ చైర్మన్ వాళ్ళకి రెండు గంటలు కావాలి. ఆ రెండు గంటలూ మీరే ఇస్తున్నారు."

"మరి మీరేం చెబుతారు లైవ్‌లో?"

"నా దగ్గర రెండు స్క్రిప్టులున్నాయి. కాగితం ఉంటే ముఠా రాసింది. లేకపోతే మీ మేష్టారు పంపింది. నాకు రెండు వైపులా జీతమే." అద్దంలో ఆమె చూపు అతనిమీదే నిలిచింది. "ఆ బ్యాంకులో మీవాళ్ళెవరైనా ఉన్నారా?"

అతని చెయ్యి మొదటిసారి ఆగింది. కానీ నెమలి మాట నమ్మి చెడినవాళ్ళ ఫోటోలు శాఖ గోడమీద వరసగా ఉన్నాయి.

తొమ్మిదీ యాభై తొమ్మిది. సెట్ మీద లైట్లు. నెమలి ఫోల్డరు తెరిచి షీటు బల్లమీద పెట్టింది.

"పది... తొమ్మిది..." ఫ్లోర్ మేనేజర్ మొదలుపెట్టాడు.

"ఆగండి, ముక్కు మెరుస్తోంది!" కంపౌండర్ ఒక్క అంగలో బల్ల దగ్గరికి దూకాడు.

"వేళాపాళా లేదా? పక్కకి పో!" మేనేజర్ అరిచి, లెక్క ఆపి, మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నాడు. ఈలోగా కాంపాక్ట్ కాగితం మీద బోర్లా పడింది. గులాబీరంగు దుమ్ము లేచింది. పైవరసలు చెదలు కొట్టినట్టు మాయమవుతున్నాయి. తుడుస్తున్నట్టు వంగిన కంపౌండర్ కళ్ళు కింది వరస మీద పడ్డాయి.

అతను చదివాడు.

"డిపాజిటర్లకు తిరిగి ఇవ్వడానికి బ్యాంకు వద్ద ఏమీ లేదు. ఇది రాసినందుకు నా ప్రాణానికి ప్రమాదం ఉంది. బ్యాంకువారి నుంచే." కింద సంతకం.

అరచేత్తో ఆ పొడిని పక్కకు నెట్టబోయాడు. ముందు సంతకం పోయింది, తర్వాత వరస పోయింది.

"రెండు... ఒకటి..."

ఎర్రలైటు. నెమలి తెల్లకాగితాన్ని ఒక్క క్షణం చూసింది. తర్వాత కెమెరావైపు హాయిగా నవ్వింది.

"శుభోదయం. బ్యాంకు గురించి వస్తున్నవన్నీ పుకార్లే. నా సొంత డబ్బు కూడా అక్కడే ఉంది."

గుమ్మం దగ్గర గార్డు టీకి వెళ్ళాడు. ట్రేకి తాళం. కంపౌండర్ ఆ తాళాన్ని తలపిన్నుతో తెరిచాడు గానీ నలభై రెండు నంబరు వెతికేసరికి పదీ పన్నెండు. నాలుగు మిస్డ్ కాల్స్.

"అక్కా! ఇంకా క్యూలోనే ఉన్నావా? తీసెయ్!"

"ఏంట్రా ఆ అరుపు? ఇక్కడ హాల్లో టీవీ పెట్టారు. ఆవిడ చెప్పగానే జనం చప్పట్లు కొట్టి ఇళ్ళకి పోయారు. మేనేజర్ అందరికీ కుర్చీలు వేయించాడు, పాపం. అయిదేళ్ళు కదిలించకపోతే అర శాతం ఎక్కువిస్తారంట. సంతకం పెట్టేశా."

"వెనక్కి తీసుకో. ఇప్పుడే!"

"పొద్దున ఉంచమన్నది నువ్వే కదరా?" అక్క నవ్వింది. "ముందే అడిగా. అయిదేళ్ళదాకా కుదరదంట. అయినా ఇప్పుడేం తొందర, మోకాళ్ళ ఆపరేషన్‌కి అప్పటికి సరిపోతుందిలే."



పదీ ఇరవైకి షేరు పైకెగిరింది. పదకొండుకి ఎవరో గుట్టలు గుట్టలుగా అమ్మడం మొదలుపెట్టారు. పన్నెండుకి బ్యాంకు షట్టర్లన్నీ ఒకేసారి దిగాయి. వీధిలో జనం వాటిని చేతులతో, చెప్పులతో కొడుతుంటే ఆ చప్పుడు నాలుగో వీధిలో ఉన్న కంపౌండర్‌కి వినపడింది. అందులో అక్క చెయ్యి ఏదో అతనికి తెలియలేదు.

మేష్టారు ఫోన్ చేశాడు. "శభాష్! షేరు ఎగరగానే గొడుగువాళ్ళు పందెం వదిలేసి, పైసా సంపాదించకుండా ఎయిర్‌పోర్టుకి పారిపోయారు."

"మరి సంపాదించిందెవరు సార్?"

"నీకెందుకోయ్ అవన్నీ?"

"మీకూ ఆ బ్యాంకు షేర్లున్నాయా?"

అవతల కాసేపు చెప్పుల డబ్బాలు సర్దుతున్న చప్పుడు. "పదిన్నరకే అమ్మేశాను. నేనూ మనిషినే కదా." లైన్ కట్టయింది.

వెంటనే ఫోన్ మళ్ళీ కుయ్‌మంది. మెసేజ్. ప్రాణాలకు తెగించి దేశ ఆర్థిక వ్యవస్థను కాపాడినందుకు శాఖ ఇచ్చిన నగదు బహుమతి అతని ఖాతాలో జమ అయింది.

ఖాతా ఆ బ్యాంకులోనే.