ఆర్లో డెన్‌కర్ ఇంట్లో ఎవరో స్టేక్ వండారు

ఆదివారం ఉదయం ఎనిమిదీ పదికి షెరిఫ్ ఆఫీసులో ఫోన్ మోగింది.

"మా ఇంట్లో దొంగ పడ్డాడు," అంది అవతలి గొంతు. "పడి, వంట చేసుకుని, తిని మరీ పోయాడు."

డెప్యూటీ లొరెయిన్ వావ్రా కాఫీ కప్పు కింద పెట్టింది. ఆ గొంతు ఎవరిదో ఆమెకు తెలుసు. నెబ్రాస్కాలో ఆ మూల కౌంటీలో తెలియనివాళ్లు లేరు. ఆర్లో డెన్‌కర్. ఊళ్లో నలభై ఏళ్లు మాంసం కొట్టు నడిపిన మనిషి. భార్య పోయింది. పిల్లల్లేరు. ఊరికి దూరంగా, గడ్డి దిబ్బల మధ్య ఒక్కడే ఉంటాడు.

"ఏం పోయింది ఆర్లో గారూ?"

"స్టేక్. ఈ చలికాలంలో ఇది మూడోది. ముందు రెండుసార్లూ ఫ్రీజర్లో ప్యాకెట్ మాయమైందంతే, పెనం తోమి పోయాడు."

లొరెయిన్‌కి నవ్వొచ్చింది. ఆపుకుంది. "ఏమీ ముట్టుకోకండి. వస్తున్నా."

వంటింట్లో అంతా అలాగే ఉంది. పొయ్యి మీద పోత ఇనుము పెనం. అడుగున పేరుకున్న కొవ్వు. సింక్ పక్కన కత్తి, వంట థర్మామీటర్, ఒకే ఒక్క పళ్లెం. పళ్లెంలో ఎముక. ఎముకకు అంటుకుని తినకుండా వదిలేసిన మాంసం ముక్క. కప్పుకి ఉండాల్సిన పొగ అలారం ఫ్రిజ్ మీద బోర్లా పడి ఉంది.

కిటికీలు బిగించే ఉన్నాయి. తలుపు తాళం చెక్కు చెదరలేదు.

"తాళం చెవులు ఎవరెవరి దగ్గరున్నాయి?"

"నా దగ్గర ఒకటి. పక్క పొలం డ్వేన్ దగ్గర ఒకటి. ఇల్లు తుడిచే మరిసెలా దగ్గర ఒకటి." ఆర్లో గొంతు తగ్గించాడు. "ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నువ్వు పట్టాలమ్మాయ్."

"అంటే మరిసెలాని అనుమానిస్తున్నారా?"

"అనుమానమేంటి! కిందటి వారమే కేఫ్‌లో అందరి ముందూ చెప్పేశా."

లొరెయిన్ పెన్ను ఆగింది. అంత చిన్న ఊళ్లో, అందునా కేఫ్‌లో, దొంగ అన్న మాట ఒకసారి పడితే ఇక చెరగదు.

"నిన్న రాత్రి ఎక్కడున్నారు?"

"ఇక్కడే. ఎనిమిదింటికి నిద్రమాత్ర వేసుకుంటా. చెవి మిషన్ తీసేస్తా. పక్కన పిడుగు పడ్డా నాకు వినపడదు."

"ఈ వారంలో బయటికి వెళ్లారా?"

"ఎక్కడికి పోతాను? నా దగ్గరికి మాత్రం ఎవరొస్తారు? గురువారం మరిసెలా వచ్చి తుడిచి పోయింది. మళ్లీ నేను చూసిన మనిషి మొహం నీదే."

అది ఫిర్యాదులా అనలేదు. వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాడు. లొరెయిన్ ఫ్రిజ్ తెరిచి చూసింది. కింది అరలో ఇనప జాలీ, దాని కింద పళ్లెం. పళ్లెంలో ఎండిపోయిన ఎర్రటి మరక. నాలుగైదు ఉప్పు రవ్వలు. ఫోటోలు తీసుకుంది. ఎముక ఉన్న పళ్లాన్ని కవర్లో పెట్టుకుంది.

పదిన్నరకి ఆమె డ్వేన్ హ్రూష్కా పశువుల కొట్టం దగ్గరుంది. ఆర్లోకి ఏటా ఒక ఎద్దు మాంసంలో సగం అమ్మేది అతనే. ఆ మాంసమంతా కోయించి, తెల్ల కాగితంలో చుట్టించి, ఆర్లో ఫ్రీజర్‌లో దాచుకుంటాడు. అందులో నాలుగు వేళ్ల మందం స్టేకులు ఆయనకి ప్రాణం.

"ఆయన తాళం చెవి నీకెందుకు డ్వేన్?"

"పెద్దాయన ఎప్పుడైనా జారిపడితే తలుపు తియ్యడానికి ఎవరో ఒకరుండాలిగా?"

"నిన్న సాయంత్రం?"

"ఆవు ఈనింది. తెల్లారేదాకా ఇక్కడే. పశువుల డాక్టర్ని అడుగు."

"నువ్వు స్టేక్ ఎలా వండుతావు?"

డ్వేన్ ఆమెను ఎగాదిగా చూశాడు. "ఇదేం ఇంటరాగేషన్? పెరట్లో గ్యాస్ పొయ్యి మీద పడేస్తా. అటు తిప్పి ఇటు తిప్పి తీసేస్తా. ఇంట్లో పొగ పెడితే మా ఆవిడ నన్ను పొయ్యి మీద పెడుతుంది. అయినా పాడి ఉన్నవాడు పక్కింట్లో పాలు దొంగిలిస్తాడా చెప్పు?"

మరిసెలా ఒంటివెరోస్ తలుపు సగమే తీసింది. ఆమె కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"అరెస్టు చెయ్యడానికొచ్చారా?"

"మాట్లాడ్డానికొచ్చాను."

"మాట్లాడ్డానికేముంది? ఆయన కేఫ్‌లో ఒక్క మాటన్నాడు. అది నాకు తెలిసిందే మొన్న. శుక్రవారం రెండిళ్లవాళ్లు ఫోన్ చేసి ఇక రావద్దన్నారు. పాపం ఒకామె మర్యాదగా చెప్పింది, ఇంకొకామె అది కూడా లేదు. మిగతావాళ్లూ మానిపిస్తే ఈ ఊళ్లో ఏం చేసుకుని బతకను?"

"స్టేక్ నువ్వు తీశావా?"

"ఆ ఇటుకనా?" మరిసెలా చెయ్యి విసిరింది. "మేం మాంసాన్ని పల్చగా కోసుకుంటాం. నిప్పుల మీద చుర్రుమనిపించి నిమ్మకాయ పిండుకుంటాం. అంత మందం ముక్క, లోపల పచ్చిగా... ఊరికే పెట్టినా తినను. దొంగతనం కూడానా!"

"గురువారం ఆ ఇంట్లో కొత్తగా ఏమైనా కనిపించిందా?"

"ఏముంటుంది? ఫ్రిజ్ తుడిచా. కింది అరలో పళ్లెంలో తెల్ల ప్యాకెట్ ఉంది. ఇంకా గడ్డకట్టి రాయిలా ఉంది. జరిపి, తుడిచి, మళ్లీ పెట్టేశా."

లొరెయిన్ తలెత్తింది. "అప్పుడు ఆర్లో ఎక్కడున్నారు?"

"అక్కడే, బల్ల దగ్గర. ఆయన కళ్ల ముందే జరిపాను."

లొరెయిన్ కారులో కూర్చుంది. ఇంజన్ స్టార్ట్ చెయ్యలేదు. కవర్లోంచి పళ్లెం తీసి ఆ మాంసం ముక్కని మళ్లీ చూసింది. ఆమె కూడా పశువులు పెంచే ఇంట్లో పుట్టిందే. ఇలాంటి ముక్కని రోజుల తరబడి సిద్ధం చేసి వండటం పుట్టింట్లో చూసింది. పెళ్లి పెటాకులయ్యాక మాత్రం డబ్బాలో కూరేదో వేడి చేసుకుని సింక్ దగ్గర నిలబడే తింటోంది. ఒక్క మనిషికి బల్ల ఎందుకని.

దొంగ ఎవరో ఆమెకు అర్థమైంది. భయం వేసింది. ఆ భయం సగం ఆయన కోసం, సగం తనకోసం.

ఆయనకి ఒంటరిగా, చాటుగా చెప్పొచ్చు. కేసు మూసేసి ఊరుకోవచ్చు. కానీ అప్పుడు మరిసెలా మీద పడ్డ మచ్చ అలాగే ఉంటుంది. ఒకరిని నిలబెట్టాలంటే ఇంకొకరి గుండె పగలాలి. ఇలాంటి పనికి జీతం ఎంతిచ్చినా తక్కువే.

మధ్యాహ్నం మూడింటికి తాళం చెవులున్న ముగ్గురూ ఆర్లో వంటింట్లో కూర్చున్నారు. మరిసెలా గుమ్మానికి దగ్గరగా, కోటు విప్పకుండా కూర్చుంది. డ్వేన్ టోపీ ఒళ్లో పెట్టుకున్నాడు.

"దొరికిందా?" అన్నాడు ఆర్లో, మరిసెలా వైపు చూస్తూ.

"ముందు నాకో సందేహం తీర్చండి," అంది లొరెయిన్. "ఇంత మందం స్టేక్‌ని ఫ్రీజర్లోంచి తీసిన దగ్గర్నుంచి ఎలా వండాలి? నేను వండితే మాడిపోతుంది."

"నీ వంట సంగతి మీ నాన్న చెప్పేవాడులే." ఆర్లో మొహం వెలిగింది. చాలాకాలంగా ఆయన్ని ఎవరూ ఏదీ అడగలేదు. "మొదటి మాట, తొందర పనికిరాదు. నీళ్లలో ముంచకూడదు. పళ్లెంలో పెట్టి ఫ్రిజ్‌లో కింది అరలో ఉంచు. రెండు రోజులు. మెల్లగా కరగాలి."

"తర్వాత?"

"కాగితం విప్పి తడి అద్దెయ్. ఉప్పు. రెండు వైపులా, అంచులకి కూడా. జాలీ మీద పెట్టి, మూత లేకుండా మళ్లీ ఫ్రిజ్‌లోకి. ఒక రాత్రి, ఒక పగలు. పైతడి ఆరాలి. ఆరకపోతే పెనం మీద ఉడుకుతుంది తప్ప వేగదు."

"అప్పుడు పెనం మీద వెయ్యాలి."

"ఇదుగో, అక్కడే చెడగొడతారు మీరంతా! ముందు ఓవెన్. సన్న సెగ. ముక్కలో గుచ్చిన థర్మామీటర్ నూట పదిహేను ఫారెన్‌హీట్ చూపాక తీసెయ్. అప్పుడు పెనం పొగలు కక్కేదాకా కాల్చి, ఒక్కో వైపు ఒక్క నిమిషం. కోస్తే ఈ అంచు నుంచి ఆ అంచుదాకా ఒకటే గులాబీ రంగుండాలి. డ్వేన్‌లా నేరుగా మంట మీద పడేస్తే చుట్టూ బూడిదరంగు పట్టీ వస్తుంది, నడుమ పచ్చి."

"బాగానే తింటున్నాంగా," అని గొణిగాడు డ్వేన్.

లొరెయిన్ పళ్లెం బల్ల మీద పెట్టింది. "మరి ఇది చూసి చెప్పండి."

ఆర్లో కళ్లజోడు పెట్టుకున్నాడు. ముక్కని వేలితో ఒత్తాడు. వెలుతురుకి తిప్పాడు.

"పట్టీ లేదు. పైన పెంకు చూడు, ఎంత చక్కగా వచ్చిందో. వీడెవడో గానీ పని తెలిసినవాడు."

"దీనికి ఎన్నాళ్లు పట్టుంటుంది?"

"ఎన్నాళ్లేముంది, బుధవారం పొద్దున తీస్తే, శుక్రవారం ఉప్పు రాసి, శనివారం సాయంత్రానికి..."

ఆయన ఆగిపోయాడు.

ఆర్లో లేచి ఫ్రిజ్ తలుపు తీశాడు. కింది అరలోని జాలీని చూశాడు. మరకని చూశాడు. చల్లగాలి ఆయన కాళ్ల మీదకి వస్తోంది.

"పాల కోసం రోజూ ఈ తలుపు తీస్తాను," అన్నాడు చివరికి. "దొంగ నా ఫ్రిజ్‌లో నాలుగు రోజులు మాంసం పెట్టుకుంటే నాకు కనపడదా?"

"గురువారం ఆ ప్యాకెట్ ఇక్కడుంది," అంది లొరెయిన్ మెల్లగా. "మీ ముందే మరిసెలా దాన్ని జరిపింది. డ్వేన్ వండితే పట్టీ వచ్చేది. మరిసెలా ఇలా వండదు. పెనం కాల్చేముందు అలారం తీసి పక్కన పెట్టాలని ఈ ఇంట్లో వండి వండి అలవాటైనవాళ్లకే తెలుస్తుంది. మొదటి రెండుసార్లూ పెనం కూడా తోమేశారు. ఈసారి అదీ మర్చిపోయారు."

ఆర్లో కుర్చీలో కూలబడ్డాడు. "తిన్నానన్నమాట. రుచి కూడా గుర్తులేదమ్మాయ్."

డ్వేన్ ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. "రేపు డాక్టర్ దగ్గరికి నేను తీసుకెళ్తా పెద్దాయనా."

ఆర్లో అది విన్నట్టు లేడు. మరిసెలా వైపు తిరిగాడు.

"నిన్ను దొంగ అన్నాను."

"అన్నారు," అంది మరిసెలా. "కేఫ్‌లో, అందరి ముందూ అన్నారు."

"రేపు పొద్దున్నే వెళ్లి, తప్పు నాదేనని చెప్తాను."

మరిసెలా ఎత్తిపొడవాలని కాదు, నిజంగానే అడిగింది. "రేపటికి మీకు గుర్తుంటుందా?"

ఆ మాటకి ఆయన నొచ్చుకోలేదు. లేచి కోటు అందుకున్నాడు. గుండీలు సరిగా పడకపోతే మరిసెలాయే వచ్చి పెట్టింది.

"పదండి," అన్నాడు. "ఇప్పుడే పోదాం."

లొరెయిన్ పక్క సీట్లో కూర్చుని దారి పొడవునా ఆయన పెదాలు కదుపుతూనే ఉన్నాడు. అంగడికి పంపిన పిల్లవాడు సరుకుల పేర్లు వల్లె వేసుకున్నట్టు. మరిసెలా దొంగ కాదు, నేనే. మరిసెలా దొంగ కాదు, నేనే. ఆమె రేడియో పెట్టలేదు. ఏమీ అడగలేదు. అడిగితే ఎక్కడ మర్చిపోతాడోనని. వెనకాల డ్వేన్ బండిలో మరిసెలా వస్తోంది.

ఆదివారం మధ్యాహ్నం కేఫ్ నిండుగా ఉంది. ఆర్లో టోపీ తీశాడు. మాంసం కొట్టు రోజుల్లో పిలిచినంత గట్టిగా చెప్పాడు. స్టేకులు తిన్నది తనేనని, తనకి మతిమరుపు వచ్చిందని, మరిసెలా ఏ పాపం ఎరగదని, ఆమెను పని మానిపించినవాళ్లు రేపే మళ్లీ పిలవాలని. చెంచాల చప్పుడు ఆగిపోయింది. ఒకామె తల దించుకుంది.

ఆయన టోపీ పట్టుకుని ఇంకా అలాగే నిలబడ్డాడు. అందరి మొహాల్లోకీ చూశాడు. తర్వాత లొరెయిన్ వైపు వంగి, చిన్నగా అడిగాడు.

"చెప్పేశానా?"

"చెప్పేశారు ఆర్లో గారూ," అంది లొరెయిన్. "అందరూ విన్నారు."