జానెడు ఎత్తు

వందమంది పిల్లల చేత మైదానం చుట్టూ పరుగులు పెట్టించిన డ్రిల్లు మాస్టారికి ఇప్పుడు మంచం మీద పక్కకి ఒత్తిగిలడానికి ఇద్దరు కావాలి. కొత్త గుండె పెట్టి వారమైంది. బయట ముసురు పట్టి సాయంత్రానికే చీకటి కమ్మింది. గదినిండా మందుల వాసన.

మంచం పక్కన ఇనప కడ్డీకి అగ్గిపెట్టెంత పెట్టె బిగించి ఉంది. మాస్టారి మెడలోంచి వచ్చిన సన్నటి గొట్టం దానికి కలుస్తుంది. ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి ఎంతో తెర మీద కనిపిస్తుంది. పెట్టె సరిగ్గా గుండె ఎత్తులోనే ఉండాలి, లేకపోతే అంకె తప్పు చూపిస్తుంది. అందుకని ఛాతీ పక్కన పెన్నుతో చిన్న గీత గీస్తారు.

ఆ ఒత్తిడి ఎక్కువుంటే కొత్త గుండె రక్తం తోయలేక చతికిలపడుతుంది. అందుకే ముందే కొలుస్తారు, ఎక్కువున్నవాళ్లకి గుండె ఇవ్వరు. మాస్టారికి కొలిచింది సొంత అక్కే, ఆ ఆస్పత్రిలోనే టెక్నీషియన్. "ఇరవై ఎనిమిది. నిక్షేపంగా ఉందిరా," అంది. ఇప్పుడేమో నలభై నాలుగు. దిగిరానని మొండికేసింది. డాక్టర్లు తలలు పట్టుకున్నారు.

పాత వార్డులో పక్క మంచం వడ్రంగి మేస్త్రీది. అదే జబ్బు, అదే రక్తం గ్రూపు, ఒత్తిడి మాత్రం తక్కువే. జబ్బు మంచంలో కూడా చెవి మీంచి పెన్సిలు తీసేవాడు కాదు; ముందు గీత, తర్వాతే కోత అనేవాడు. గోడ మీద పటం వంకరగా కనిపిస్తే సరిచేసేదాకా ఆయనకి నిద్ర పట్టదు. గుండె మాస్టారికని తెలిసినప్పుడు, "మీ వంతు ముందొచ్చింది మాస్టారూ, వెళ్లిరండి. నాది వెనకాలే వస్తుంది," అని నవ్వాడు. తర్వాత ఇంటికెళ్లిపోయాడని అక్క చెప్పింది.

టక్.

కడ్డీ మీద మర వదులైన చప్పుడు. మాస్టారు తల తిప్పాడు. ఎవరూ లేరు. కానీ వాసన... అప్పుడే చిత్రిక పట్టిన చెక్క వాసన.

పెట్టె కదిలింది. మెల్లగా పైకి... ఎవరో చేత్తో కొలిచినట్టు సరిగ్గా జానెడు. ఆగింది.

తెర మీద అంకె జారింది. నలభై... ముప్పై మూడు... ఇరవై ఎనిమిది.

అక్క చెప్పిన అంకె.

"చూశారా, మాస్టారూ?" చెవి దగ్గర గుసగుస.

"మేస్త్రీ... నువ్వు ఇంటికెళ్లలేదా?"

పెట్టె కిందికి జారింది. మళ్లీ నలభై నాలుగు.

తలుపు తెరుచుకుంది. తెల్లకోటుతో అక్క వచ్చింది.

"అక్కా... నాకు కొలిచిన రోజు పెట్టె ఎక్కడ పెట్టావు?"

ఆమె ముఖం పాలిపోయింది. కడ్డీ మీది పెట్టె వంక చూసింది. "జానెడు పైన," అంది. "నిజం చెబితే నీ పేరు కొట్టేసేవాళ్లురా. నాకున్నది ఒక్కగానొక్క తమ్ముడివి."

"మేస్త్రీ?"

"ఇంటికి..."

"అక్కా!"

"పోయాడురా. నీ ఆపరేషన్ అయిన మూడోనాడు."

చిన్నప్పుడు చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించిన అక్క. ఊళ్లోవాళ్లంతా కలిసి మోసం చేసినా మాస్టారు తట్టుకునేవాడు. ఈమె చేసింది తట్టుకోలేకపోయాడు. "ఈ గుండె అతని ఒంట్లోనైతే హాయిగా కొట్టుకునేది. నా ఒంట్లో చస్తోంది," అన్నాడు. "ఇద్దర్నీ ముంచావు."

ఆమె ఏడుస్తూ చెయ్యి పట్టుకోబోయింది. మాస్టారు చెయ్యి లాక్కున్నాడు.

టక్.

"ఏదో తగిలిందిరా... చల్లగా." ఆమె పక్కటెముకలు తడుముకుంది. తెల్లకోటు మీద, సరిగ్గా గుండె ఎత్తులో, అడ్డంగా పెన్సిలు గీత. వేలితో రుద్దింది. చెరగలేదు. వంగి ఇంకా గట్టిగా రుద్దుతోంది.

మాస్టారు ఆ గీతని చూడటంలేదు. దానికి జానెడు పైన, అక్క మెడ మీద, రెండో గీత మెల్లగా పడుతోంది...